దారాలక్క గొంతు

ఆ వీధిలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. అందరికీ ఆమె దారాలక్క. మిగతా టైలర్ల దగ్గర కొలతల పుస్తకం ఉన్నట్టు ఈమె దుకాణంలో ఉండదు. దానికి బదులు గోడకు పొడుగాటి చెక్క, చెక్క నిండా మేకులు, మేకులకు వేలాడే దారాలు. మనిషికో దారం. పై కొస నుంచి మొదటి ముడి దాకా భుజం, అక్కణ్ణుంచి రెండో ముడి దాకా ఛాతీ, ఆ కింద నడుము, చెయ్యి, పొడుగు. ఏ దారం ఎవరిదో తెలియడానికి ఆ మనిషి మొట్టమొదట కుట్టించుకున్న బట్టలోంచి గోరంత ముక్క కత్తిరించి కింది కొసకు కడుతుంది. మందుల షాపావిడ అంటే నీలం మీద తెల్ల చుక్కలు. పక్క దుకాణం డ్రైక్లీనింగాయన అంటే బూడిద రంగు గళ్లు. మనుషులు లావవుతారు, చిక్కిపోతారు, అప్పుడు ముడి విప్పి జరుపుతుంది. దారం మాత్రం మార్చదు. పోయినవాళ్ల దారాలు కూడా తియ్యదు.

చూసినవాళ్లంతా దీన్నొక కళ అనుకున్నారు. "నా దారం భద్రంగా ఉందా అక్కా?" అని అడగందే ఎవరూ ఆ గడప దిగరు. ఆమె కూతురైతే మరీ మురిసిపోతుంది. ఆ పిల్ల పగలంతా ఇన్సూరెన్సు ఆఫీసు కౌంటర్లో కూర్చుంటుంది, మిగిలిన వేళల్లో కథలు రాస్తుంది. పత్రికల్లో అచ్చవుతాయి కూడా. "మా అమ్మకి కాగితంతో పనేముందండీ! దారం పట్టుకుంటే మనిషి ఎదురుగా నిలబడతాడు" అని వచ్చినవాళ్లందరికీ చెప్పుకుంటుంది.

అసలు సంగతి వేరు. దారాలక్కకు చదవడం రాదు.

అక్షరాలు విడివిడిగా చూపిస్తే కొన్నిటిని గుర్తుపడుతుంది. నాలుగు కలిసి కనబడ్డాయంటే ఇక అంతే, రద్దీలో తెలిసిన మొహం తప్పిపోయినట్టు తప్పిపోతాయి. సంతకం చేస్తుంది, అది కూడా పువ్వు గీసినట్టు గీస్తుంది. ఈ విషయం ఆమె భర్తకు తెలుసు. ఆయన ఉన్నన్నాళ్లు స్కూలు కాగితాలు, కరెంటు బిల్లులు చాటుగా చదివి చెప్పి, పిల్ల ముందు మాత్రం ఆమె చదివినట్టే మాట్లాడేవాడు. ఆయన పోయాక ఆ రహస్యాన్ని ఆమె ఒక్కతే కడుపులో పెట్టుకుని తిరిగింది.

కూతురికి చెప్పేస్తే పోయేదిగా అనిపిస్తుంది వినేవాళ్లకు. ఎలా చెబుతుంది? ఆ పిల్ల పెన్సిలు పట్టిన నాటి నుంచి రాసిన ప్రతి కాగితాన్నీ ముందు తల్లి చేతికే ఇచ్చింది. తల్లి ఆ కాగితాన్ని ఎంతసేపు చూడాలో అంతసేపు చూసి, "బాగుంది అమ్మడూ" అంది. అన్నప్పుడల్లా పిల్ల మొహం విచ్చుకుంది. ఇన్నేళ్లు గడిచాక ఎదురుగా కూర్చుని, నీ రాతలో ఒక్క వాక్యం కూడా నేను చదవలేదు తల్లీ అనడానికి నోరెలా వస్తుంది? ఆ పిల్ల దృష్టిలో తన మొదటి పాఠకురాలు అమ్మ. ఆ నమ్మకం ఒక్కటి నిలబడితే చాలు, ఇంకేం పోయినా ఫరవాలేదని దారాలక్క ఎప్పుడో గట్టిగా అనుకుంది.

ఫోను చేతికొచ్చాక ఆమెకు కొంత ఊపిరి ఆడింది. ఫోనులో మాట పంపితే మాటే తిరిగొస్తుంది, మధ్యలో అక్షరంతో పని లేదు. ఒక మధ్యాహ్నం మిషనుకు నూనె వేసి, అది ఇంకేలోగా తెర మీద వేలు జరుపుతూ కూర్చుంటే ఒక వీడియో కనబడింది. రెండు చేతులు, వాటిలో ఒక పుస్తకం, దాన్ని చదువుతున్న ఆడగొంతు. మొహం కనబడదు. ఊరికి ఆ చివరనున్న బ్రాంచి లైబ్రరీ వాళ్లు తమ పేజీలో పెట్టిన వీడియో అది. రోజుకో పుస్తకం, పుస్తకానికి ఒక్క పేజీ. ఆ రోజు పేజీలో పడవొకటి తుఫానులో చిక్కుకుంది. సరిగ్గా అక్కడ ఆపేసి, "మిగతాది లైబ్రరీకి వచ్చి చదువుకోండి" అంది ఆ గొంతు.

దారాలక్కకు ఒళ్లు మండింది. మర్నాడు చూస్తే ఇంకో పుస్తకం, ఇంకో పేజీ. మైకు బొమ్మ నొక్కి కడిగేసింది. "ఏవమ్మా, ఊరించి వదిలేయడమేనా మీ లైబ్రరీ పని? ఆ పడవ ఒడ్డు చేరిందా లేదా? మనుషులకి నిద్ర పట్టొద్దా?"

కాసేపట్లో జవాబు వచ్చింది. ముందు నవ్వు, తర్వాత మాట. "చేరింది అక్కా. ఎలా చేరిందో తెలియాలంటే మాత్రం మీరు ఇక్కడికి రావాలి."

"నాకు మిషను వదిలే తీరికెక్కడిది? నువ్వే చెప్పు."

ఆ గొంతు చెప్పింది. చెప్పడం కాదు, మిగతా పుస్తకమంతా రోజుకు కాసిని పేజీల చొప్పున చదివి పంపింది. అలా మొదలైంది స్నేహం. ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకోలేదు. ఆ లైబ్రేరియన్‌కు ఈమె అక్క, ఈమెకు ఆవిడ పుస్తకాల చెల్లి. గుడ్డ కత్తిరిస్తూ, కాజాలు కుడుతూ ఈమె వినేది. విన్నదాని మీద తన తీర్పు పంపేది. "ఆ రెండో అన్న ఉన్నాడే, వాడు మొదట్నుంచీ నాకు నచ్చలేదు" అంటే అక్కణ్ణుంచి పకపకా నవ్వు. చెల్లి తన గోడు కూడా చెప్పుకునేది. లైబ్రరీలో పైకప్పు కారుతుంది, పేపర్ల బల్ల దగ్గర ఒక పెద్దాయన రోజూ వచ్చి నిద్రపోతాడు, ఆయన గురక విని కొత్తవాళ్లు పారిపోతారు. ఈ ఫోను పేజీ చూసి పై ఆఫీసరు "లైబ్రరీలో ఈ ఆటలేంటమ్మా?" అంటాడు. దారాలక్క ఆ ఆఫీసరును నానా మాటలూ అని చెల్లి మనసు కుదుటపరిచేది.

అప్పుడొక ఆలోచన వచ్చింది ఆమెకు. వచ్చిందే తడవు పెట్టెలోంచి కూతురి కథలు పడ్డ పాత పత్రికలన్నీ తీసి, కూతురు ఆఫీసుకు వెళ్లాక, ఒక్కొక్క పేజీ ఫోటో తీసి పంపింది. "తెలిసినవాళ్ల అమ్మాయి రాసింది చెల్లీ. కాస్త చదివి పెట్టు."

ఆ మధ్యాహ్నం దుకాణం తలుపు దగ్గరగా వేసుకుని కూతురి కథ మొట్టమొదటిసారి విన్నది. "వాన వెలిశాక కూడా ఆయన గొడుగు మూయలేదు" అని మొదలైంది. తన కడుపున పుట్టిన పిల్ల బుర్రలో ఇన్నాళ్లుగా ఇటువంటి ముసలాయన తిరుగుతున్నాడా అని నోరు తెరుచుకుని కూర్చుంది. మళ్లీ విన్నది. మళ్లీ మళ్లీ విన్నది. సాయంత్రం కూతురు రాగానే, "ఆ ముసలాయన చివర్న గొడుగు బస్సులో కావాలనే వదిలేశాడు కదూ?" అంది. కూతురు చెప్పులు విప్పుతున్నదల్లా అలాగే ఆగిపోయింది. "ఆ సంగతి ఎవరూ పట్టుకోలేదమ్మా! నువ్వొక్కదానివే!" అని వచ్చి మెడ చుట్టేసుకుంది. దారాలక్క జీవితంలో అంత మంచి సాయంత్రం మరొకటి లేదు.

చెల్లి తెలివైంది. కొన్నాళ్లకు మెల్లగా అడిగింది. "అక్కా, పత్రిక మీ చేతిలోనే ఉంది కదా. నన్నెందుకు చదవమంటున్నారు?"

దారాలక్క ఆ పూటంతా కాజాలు కుడుతూ కూర్చుంది. తర్వాత మైకు నొక్కింది. చెబుతూ చెబుతూ ఏడ్చింది. "నాకు చదవడం రాదు చెల్లీ. ఆ రాసింది మా అమ్మాయే. దానికి కూడా తెలీదు. కొలతలు రాసుకోలేకే ఈ దారాలు మొదలెట్టాను, జనం అదేదో గొప్పనుకుంటున్నారు. నీ గొంతులో విన్నాకే నా కూతురు ఏం రాస్తుందో నాకు తెలిసింది. నీకొక్కదానికే చెప్పాను. కడుపులో పెట్టుకో." నమ్మకానికి గుర్తుగా అన్నట్టు తన దారాల గోడను ఫోటో తీసి కూడా పంపింది.

"ఇది మనిద్దరి మధ్యే ఉంటుందక్కా. ఒట్టు" అని వచ్చింది జవాబు. ఆ మాట వింటే గుండె మీంచి బండ దిగినట్టయింది. భర్త పోయాక ఆమె సొంత మొహంతో మాట్లాడిన మనిషి ఆ చెల్లి ఒక్కతే.

ఆ తర్వాత కోటు సంగతి వచ్చింది. లైబ్రరీల వాళ్లంతా కలిసే పెద్ద సభలో చెల్లి మాట్లాడాలట. లైబ్రరీలు సోషల్ మీడియా ఎందుకు వాడాలి అన్నది విషయం. "నాకు కాళ్లూ చేతులూ ఆడటం లేదక్కా" అంది. "ఒంటికి సరిగ్గా కూర్చున్న కోటు వేసుకో, సగం భయం పోతుంది. నేను కుట్టి పంపుతాను" అంది దారాలక్క. కొలతకు మనిషి రానక్కర్లేదు, దారం వస్తే చాలు. ఎక్కడ పట్టుకోవాలో, ఎక్కడ ముడి వేయాలో అన్నీ మాటల్లోనే నేర్పింది. పోస్టు కవరులో దారం వచ్చింది. ముడులు చూస్తే నవ్వొచ్చింది, అన్నీ వదులు వదులుగా ఉన్నాయి. అయినా దాన్ని మేకుకు తగిలించి, ముదురాకుపచ్చ గుడ్డ తెచ్చి, లోపలి అస్తరు కూడా పట్టుది వేసి, సొంత చెల్లెలికి కుట్టినట్టు కుట్టి పార్సిలు చేసింది. మిగిలిన గుడ్డలోంచి గోరంత ముక్క దారానికి కట్టింది.

"సభకి నేను కూడా రానా?" అని అడిగింది.

"వద్దక్కా, అది ఉద్యోగులకే. మీకు విసుగు" అంది చెల్లి.

కానీ కూతురు ఫోనులో చూసి చెప్పింది. "అందరికీ ఆహ్వానం అని పేజీలో పెట్టారే! పద, నీ ఫోను స్నేహితురాల్ని నేనూ చూస్తాను." చెల్లికి మొహమాటం ఎక్కువ, తనను ఇబ్బంది పెట్టడమెందుకని అలా అని ఉంటుందిలే అనుకుంది దారాలక్క. మంచివాళ్లకు అనుమానం ఆలస్యంగా వస్తుంది, ఈమెకైతే రానే లేదు. కూతురి స్కూటరు వెనక కూర్చుని బయల్దేరింది.

హాలు పెద్దది. మెత్తటి కుర్చీలు, ముందు పెద్ద తెర. ఇద్దరూ వెనక వరసల్లో కూర్చున్నారు. ఎవరెవరో మాట్లాడి వెళ్లాక ముదురాకుపచ్చ కోటు వేదిక ఎక్కింది. మనిషి సన్నగా, అనుకున్నదానికంటే చిన్నగా ఉంది. దారాలక్క ముందు కోటును చూసింది, తర్వాతే మనిషిని. భుజాలు చక్కగా కూర్చున్నాయి. చేతులు మాత్రం ఒక్క వేలంత పొడుగయ్యాయి. "అదిగో, నే కుట్టిందే" అని కూతురి మోచేయి పొడిచింది. గర్వంతో గొంతు కొంచెం పెద్దదే అయింది, ముందు వరసాయన వెనక్కి తిరిగి చూశాడు.

చెల్లి బాగా మాట్లాడింది. ఆ న్యాయం చెప్పుకోవాలి. "మనుషులు పుస్తకాల దగ్గరికి రావడం లేదని మనం ఏడుస్తున్నాం. వాళ్లు ఫోను దగ్గరున్నారు. మనమే అక్కడికి వెళ్లి పలకరిస్తే తప్పేంటి? మెట్లెక్కలేనివాళ్లు ఉంటారు, ఫారం నింపడానికి భయపడేవాళ్లు ఉంటారు, లైబ్రరీ మాలాంటివాళ్లకి కాదేమో అనుకునేవాళ్లు ఉంటారు. వాళ్లందరికీ మన పేజీయే మొదటి గుమ్మం." దారాలక్క తలూపింది. నిజమే కదా, తనకూ అదే గుమ్మం.

"అలాంటి ఒక అక్క గురించి చెబుతాను" అంది చెల్లి.

తెర మీద దారాలు వచ్చాయి.

గోడంత పెద్దవిగా, ఒక్కో ముడి పిడికిలంత. నీలం మీద తెల్ల చుక్కలు, బూడిద రంగు గళ్లు, అన్నీ తనవే. దారాలక్క ఇంకా ఏదో పొరపాటేమో, అందంగా ఉన్నాయని పెట్టిందేమో అనుకుంటూ ఉండగానే హాలు నాలుగు మూలల్లోంచీ తన గొంతు వచ్చింది.

"నాకు చదవడం రాదు చెల్లీ. ఆ రాసింది మా అమ్మాయే. దానికి కూడా తెలీదు..."

మొత్తం వచ్చింది. ఏడుపుతో సహా, ముక్కు ఎగబీల్చడంతో సహా. దుకాణంలో తలుపు దగ్గరగా వేసుకుని, ఒక్క చెవికి చెప్పుకున్న మాట. హాలంతా నిశ్శబ్దంగా విన్నది. ఎవరో కళ్లు తుడుచుకున్నారు. "కడుపులో పెట్టుకో" దగ్గర ఆగింది, వెంటనే చప్పట్లు. కొందరు లేచి నిలబడి మరీ కొట్టారు.

దారాలక్క తల కొట్టేసినట్టు కూర్చుండిపోయింది. పక్కకు తిరిగి కూతురి మొహం చూడటానికి ధైర్యం చాలలేదు. కూతురు చప్పట్లు కొట్టడం లేదు. ఆ చేతులు ఒళ్లోనే ఉన్నాయి, కదలడం లేదు.

సభ ముగిశాక జనం చెల్లి చుట్టూ చేరారు. అభినందనలు, ఫోటోలు. ఆటలేంటమ్మా అన్న ఆఫీసరు కాబోలు, ఆయన కూడా చెయ్యి కలుపుతున్నాడు. దారాలక్క జనాన్ని తప్పించుకుంటూ వెళ్లి ఎదురుగా నిలబడింది. చెల్లి ఎవరో అనుకుని మర్యాదగా నవ్వింది.

"భుజాల దగ్గర బాగా కూర్చుంది. చేతులు పొడుగయ్యాయి. నువ్వేసిన ముడి జారినట్టుంది" అంది దారాలక్క.

ఆ గొంతు వినగానే చెల్లి మొహంలో నవ్వు ఎక్కడిదక్కడ ఆరిపోయింది. "అక్కా... మీరొస్తారనుకోలేదు."

"రావద్దన్నావుగా. ఎందుకన్నావో ఇప్పుడు తెలిసింది."

"మీ పేరెక్కడా చెప్పలేదక్కా. మొహం లేదు. ఎంత జాగ్రత్త తీసుకున్నానో... ఆ అక్క ఎవరో ఈ హాల్లో ఒక్కరికి కూడా తెలీదు."

"నాకు తెలిసింది" అంది వెనక నుంచి కూతురు. "ఆవిడ మా అమ్మ."

చెల్లి గబగబా, కన్నీళ్లు మింగుతూ చెప్పుకొచ్చింది. "మా బ్రాంచి మూసేస్తామంటున్నారక్కా. ఎవరూ రావడం లేదు, ఎందుకు దండగ అంటున్నారు. ఎన్ని చెప్పినా వినలేదు. ఒక మనిషి గొంతు వింటే కరుగుతారని..."

"నన్నడగాల్సింది."

"అడిగితే మీరు వద్దంటారని..." అని అంతవరకు వచ్చాక తన మాట తనకే వినబడింది కాబోలు, ఆగిపోయింది.

దారాలక్క కోటు చెయ్యి అంచు పట్టుకుని చూసింది, కుట్టు సరిగ్గానే ఉంది. వదిలేసి వచ్చేసింది.

ఇంటికొచ్చాక కూతురు గిన్నెలు కడుగుతూ, వెనక్కి తిరక్కుండానే అడిగింది. "చిన్నప్పటి నుంచీ?"

"చిన్నప్పటి నుంచీ."

"బాగుంది అమ్మడూ అన్నవన్నీ?"

దారాలక్క నీళ్లు నమల్లేదు. "నాకేం తెలీదు. నీ మొహం చూసి అనేదాన్ని."

కూతురు కుళాయి కట్టేసింది. ఇటు తిరిగింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ఆ గొడుగు సంగతి? కావాలనే వదిలేశాడని అన్నావే, అది కూడా ఆవిడే చెప్పిందా? ఎంత పొంగిపోయానో తెలుసా! ఆఫీసులో అందరికీ చెప్పాను. నా కథ మా అమ్మకి తప్ప ఎవరికీ అర్థం కాలేదని."

"అది నేను అనుకున్నదే. గొంతే ఆవిడది, అనుకోవడం నాది." కూతురు నమ్మినట్టు కనబడలేదు. దారాలక్కకు తెలిసిన ఋజువు ఒక్కటే. స్టూలు మీద కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుని మొదలుపెట్టింది. "వాన వెలిశాక కూడా ఆయన గొడుగు మూయలేదు. రోడ్డు మీద అందరూ ఆయన్నే చూస్తున్నారు..."

కథంతా చెప్పింది. ఒక్క మాట పొల్లుపోలేదు. కూతురు గోడకు ఆనుకుని విన్నది.

"'బస్సు వచ్చింది' అన్న చోట నేను రాసినప్పుడు ఆగలేదు. నువ్వు ఆగావు. అది ఆవిడ చదివినప్పుడు ఆగిన చోటు" అంది చివరికి, ఏడుస్తూ.

నిజమే. దారాలక్కకు కూతురి కథలు కంఠతా వచ్చు, కానీ అన్నీ ఆ గొంతులోనే వచ్చు. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, ఎక్కడ మెల్లగా అనాలో అంతా ఆ మనిషి పెట్టిందే. కన్నకూతురి మాటలకు ఆమె దగ్గర ఇంకో గొంతు లేదు. మోసపోయానన్న బాధ హాల్లో కంటే ఇక్కడ, ఈ స్టూలు మీద ఎక్కువగా తగిలింది. కొంగున ముడేసుకున్న సొమ్ము దొంగదని తెలిస్తే పారేయొచ్చు. ఇది పారేస్తే కూతురి కథలే పోతాయి.

సభ వీడియోను లైబ్రరీ వాళ్లు పేజీలో పెట్టారు. పేరు లేదు, మొహం లేదు, నిజమే. కానీ ఆ దారాలు ఎవరివో ఊళ్లో తెలియనిదెవరికి? మర్నాడు డ్రైక్లీనింగాయన తన దుకాణానికి అట్ట తగిలించి, పనిగట్టుకుని వచ్చాడు. "దారాలక్కా, రేపు సెలవని రాశాను. నీకు తెలీదని చెప్తున్నా" అన్నాడు, చెవిటివాళ్లకు చెప్పినట్టు గట్టిగా. మందుల షాపావిడ డబ్బిస్తూ, "ఇది పెద్ద నోటు అక్కా" అంది. "నోట్లు నాకు తెలుసు తల్లీ. ఇన్నేళ్లూ నీ దగ్గర కళ్లు మూసుకుని తీసుకున్నానా?" అని కసిరింది దారాలక్క. ఒకావిడ పలక తెచ్చిచ్చింది. అందరూ మంచిగానే మాట్లాడారు. అదే భరించలేకపోయింది ఆమె. నా దారం భద్రంగా ఉందా అక్కా అని ఒక్కరు కూడా అడగలేదు. గోడకేసి చూస్తారు, నాలిక చప్పరిస్తారు, వెళ్లిపోతారు.

చెల్లి నుంచి ఫోనులో ఎర్ర చుక్కలు వస్తూనే ఉన్నాయి. దారాలక్క ఒకే ఒక్కటి విన్నది. "అక్కా, బ్రాంచి మూయడం లేదట. నిన్న చెప్పారు. మీ వల్లే. నన్ను తిట్టండి, ఒక్క మాటన్నా మాట్లాడండి..." వినడానికి ఇంకా ఉంది, కట్టేసింది. లైబ్రరీ నిలబడటం మంచిదే. ఆ గురక పెద్దాయన ఎక్కడికెళ్లి పడుకుంటాడు పాపం. కానీ మనసులో సంతోషం కోసం వెతికితే దొరకలేదు. అడిగి ఉంటే తనేమనేదో ఆమె చాలాసార్లు ఆలోచించింది. మొదట వద్దనేది. తర్వాత రెండ్రోజులు కొట్టుమిట్టాడి, ముందు కూతుర్ని కూర్చోబెట్టి తన నోటితో తనే చెప్పుకుని, ఆ తర్వాత సరే కానివ్వు అనేదేమో. ఆ రెండ్రోజులనే ఆ మనిషి తన దగ్గర్నుంచి లాగేసుకుంది. కూతురికి చెప్పాల్సిన మాట, ఎప్పటికైనా తనే చెప్పాల్సిన మాట, మైకులో చెప్పించేసింది.

దారాలక్క లేచి చెక్క దగ్గరికి వెళ్లింది. ముదురాకుపచ్చ ముక్క కట్టిన దారాన్ని మేకు నుంచి తీసింది. చచ్చిపోయినవాళ్ల దారాలు కూడా తియ్యని గోడ అది. వదులు ముడులు ఒక్కొక్కటే విప్పింది, విప్పడానికి కష్టపడాల్సిన పని కూడా లేకపోయింది. ఏడుపొచ్చింది, ఏడ్చింది. ఎవరైనా చూస్తారేమోనని తలుపు మాత్రం వెయ్యలేదు.

ఆ వారమంతా కూతురు ముభావంగానే ఉంది. ఆఫీసుకు వెళ్లేది, వచ్చేది, అన్నం పెట్టుకుని తినేది. ఆదివారం పొద్దున పాత పత్రిక ఒకటి పట్టుకుని దుకాణంలోకి వచ్చి, కత్తిరింపుల గుట్ట పక్కకు జరిపి బల్ల మీద కూర్చుంది. ఏం చెప్పకుండానే గొడుగు కథ తీసి చదవడం మొదలుపెట్టింది. దారాలక్క మిషను ఆపి విన్నది. కూతురి గొంతు వేరు, వేగం వేరు. కానీ ప్రతి వాక్యం ఆ పిల్ల నోట్లోంచి రాకముందే ఆ రెండో గొంతు లోపల చెప్పేస్తోంది.

"ఆపు అమ్మడూ. అది నాకు వినబడటం లేదు. ఆమె చదవనిదేదైనా ఉంటే చదువు."

"ఏముందమ్మా, అన్నీ పంపేశావుగా" అంది కూతురు. అందులో కోపం ఉంది, అయినా ఇన్నాళ్ల తర్వాత మాట మాటలా వచ్చింది. పత్రిక మూసి కాసేపు ఆ దారాల గోడ కేసి చూసింది. ఖాళీ మేకు దగ్గర చూపు ఆగింది. "కొత్తది రాయాలి. నీ గురించి రాయాలనుంది. ఈ దారాలు, నాన్న, ఆ హాలు, అన్నీ." తల్లి వైపు తిరిగి, "రాయనా?" అని అడిగింది.

దారాలక్క చేతిలో గుడ్డ పక్కన పెట్టి కూతురి మొహంలోకి చూసింది. ఆ ప్రశ్న కోసం ఎంత కాలంగా ఎదురుచూస్తోందో అడిగాకగానీ ఆమెకు తెలియలేదు.

"వద్దు" అంది.

"సరే" అంది కూతురు. బల్ల దిగి వచ్చి, చేతులు చాచి అద్దం ముందు నిలబడింది. "ఆఫీసుకి నాకో కోటు కావాలి. ఇన్నాళ్లూ కంటి అంచనాతోనే కుట్టావు, గోడ మీద నాకో దారం లేదు. కొలత తీసుకో."

దారాలక్క ఉండ నుంచి కొత్త దారం తెంపింది.